సూది పట్టే చేతికి అనుభవం ఎంత?

(గర్భస్థ పిండ పరీక్షల భద్రత గురించి మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భస్థ పిండ పరీక్షలు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది లింగ నిర్ధారణ, ఆడపిండాల హత్య. అది సహజం. గత నలభై ఏళ్ళుగా మన ఉద్యమాలు పోరాడింది దాని మీదే. ఈ రోజు నేను మాట్లాడబోయేది అదే పరీక్షల గురించి గానీ, మరో వైపు నుంచి. చట్టం అనుమతించిన కారణంతో, అవసరమై పరీక్ష చేయించుకోవడానికి వెళ్ళిన స్త్రీ శరీరంలోకి సూది దించే మనిషికి ఆ పనిలో ఎంత అనుభవం ఉంది? ఆ అనుభవానికీ ఆమె గర్భం నిలవడానికీ సంబంధం ఏమిటి? ఈ సంగతి ఆమెకి చెబుతున్నారా?

నేను డాక్టర్ని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. స్త్రీలతో, వాళ్ళ కుటుంబాలతో మాట్లాడడం నా పని. అలా మాట్లాడుతున్నప్పుడు ఒకామె వేసిన ప్రశ్న వల్లే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

ఆమెది కోస్తా జిల్లాలో ఒక పట్టణం. మేనమామకే ఇచ్చి పెళ్ళి చేశారు. మొదటి బిడ్డకి తలసీమియా. నెలకోసారి రక్తం ఎక్కించాలి. రెండోసారి గర్భం వచ్చినప్పుడు ఈ బిడ్డకి కూడా ఉందేమో చూడాలని పన్నెండో వారంలో మాయ ముక్క తీసే పరీక్షకి పంపారు. మూడుసార్లు సూది గుచ్చారని ఆమె చెప్పింది. నాలుగో రోజు రక్తస్రావం మొదలైంది. వారం తిరక్కుండా గర్భం పోయింది. అత్తగారు “బస్సులో కుదుపులకి పోయింది, ఆటోలో రమ్మంటే వినలేదు” అంది. ఆస్పత్రిలో “ఇలా ఒక్కోసారి జరుగుతుంది” అన్నారు. ఆమె నన్నడిగింది: “మేడమ్, ఆ డాక్టరు గారు అంతకుముందు ఎంతమందికి చేశారో అడగొచ్చా? అడిగితే కోప్పడతారా?”

ఆ గర్భం అనుభవం లేని చేతి వల్లే పోయిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. పరీక్ష చేయకపోయినా కొన్ని గర్భాలు పోతాయి. కానీ ఆమె వేసిన ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న.

సూది పని ఎక్కడ ఉంది?

ముందు కొంచెం వివరం. రక్తం తీసి చేసే పరీక్షలూ స్కానింగూ చాలావరకు “అనుమానం ఉందా లేదా” అని చెప్పేవి. వాటి వల్ల గర్భం పోయే ప్రమాదం లేదు. కచ్చితంగా తేల్చుకోవాలంటే పిండానికి సంబంధించిన కణాలు కావాలి. అందుకు ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి, కోరియానిక్ విల్లస్ శాంప్లింగ్. మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు. పది వారాలు నిండాక, మామూలుగా పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య, పొట్ట మీంచి సూదితో గానీ గర్భాశయ ముఖద్వారం గుండా సన్నని గొట్టంతో గానీ తీస్తారు. రెండోది ఆమ్నియోసెంటిసిస్, అంటే ఉమ్మనీటి పరీక్ష. పదిహేను వారాలు నిండాక పొట్ట మీంచి సూది దించి 15 నుంచి 20 మిల్లీలీటర్ల దాకా ఉమ్మనీరు తీస్తారు.

రెండింటిలోనూ ఒక చేత్తో స్కానింగ్ పరికరం, ఇంకో చేత్తో సూది. కొన్నిచోట్ల ఈ రెండూ ఇద్దరు చేస్తారు. తెర మీద సూది మొన క్షణం కూడా కనబడకుండా పోకూడదు. ఎక్కడ గుచ్చాలో ముందే నిర్ణయించుకోవాలి. ఉమ్మనీటి పరీక్షలో వీలైనంతవరకు మాయని తప్పించాలి. మొదటిసారే సరిపడా నమూనా రావాలి. ఎన్నిసార్లు గుచ్చితే ప్రమాదం అంత పెరుగుతుంది. తీసిన నమూనాలో తల్లి రక్తమో తల్లి కణాలో కలిస్తే ఫలితమే తప్పుదారి పట్టొచ్చు. కాబట్టి అనుభవం అంటే చెయ్యి వణక్కపోవడం ఒక్కటే కాదు. ఈ రోజు పిండం ఉన్న తీరు బాగాలేదు, వారం ఆగి రండి అని చెప్పగలగడం, రెండుసార్లు ప్రయత్నించి రాకపోతే ఆపి నాకంటే తెలిసినవాళ్ళ దగ్గరికి పంపగలగడం కూడా అనుభవమే.

అంకెలు ఏం చెబుతున్నాయి?

“పరీక్ష తర్వాత గర్భం పోవడం” వేరు, “పరీక్ష వల్ల గర్భం పోవడం” వేరు. ఈ తేడా మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. దీన్ని విడదీసి చూపిన పేరున్న అధ్యయనం 1986లో డెన్మార్క్‌లో వచ్చింది. ఎక్కువ ప్రమాదం లేని 4,606 మంది గర్భిణులను రెండు భాగాలు చేసి ఒక భాగానికి ఉమ్మనీటి పరీక్ష చేశారు. చేసినవాళ్ళలో 1.7 శాతం, చేయనివాళ్ళలో 0.7 శాతం గర్భాలు పోయాయి. తేడా ఒక శాతం. “నూటికి ఒకరు” అని డాక్టర్లు చాలాకాలం చెబుతూ వచ్చిన అంకెకి ఈ అధ్యయనమే పెద్ద ఆధారం.

మాయ ముక్క పరీక్ష విషయంలో ఇంకా ఆలోచించాల్సిన సంగతి ఉంది. దాన్ని ఉమ్మనీటి పరీక్షతో పోల్చినప్పుడు గర్భ నష్టంలో తేడా ఒక శాతంలోపేనని 1989లో కెనడా, అమెరికా అధ్యయనాలు చెప్పాయి. 1991లో యూరప్ దేశాల అధ్యయనం వచ్చేసరికి, మాయ పరీక్ష చేయించుకున్న వాళ్ళలో గర్భం సజావుగా కాన్పు దాకా సాగడం 4.6 శాతం తక్కువని తేలింది. పరీక్ష అదే. తేడా ఎందుకు? యూరప్ అధ్యయనంలో చాలా కేంద్రాలు పాల్గొన్నాయి. వాటిలో కొన్నిచోట్ల ఈ పనిలో అనుభవం తక్కువ కావడమే కారణం అయివుంటుందని అప్పట్లోనే చర్చ జరిగింది.

డెన్మార్క్‌లోనే 1996 నుంచి 2006 దాకా దేశం మొత్తం మీద జరిగిన 60 వేలకు పైగా పరీక్షల రికార్డులు తీసి 2009లో ప్రచురించారు. ఉమ్మనీటి పరీక్ష తర్వాత 1.4 శాతం, మాయ పరీక్ష తర్వాత 1.9 శాతం గర్భాలు పోయాయి. పరీక్ష లేకపోయినా పోయేవి కూడా ఇందులో కలిసే ఉన్నాయి. మనకి కావలసిన అంకె వేరే ఉంది. ఆ పదకొండేళ్ళలో 1,500కి పైగా ఉమ్మనీటి పరీక్షలు చేసిన ఆస్పత్రి విభాగాలతో పోలిస్తే, 500 కూడా చేయని విభాగాల్లో గర్భం పోయే అవకాశం రెండు రెట్లకు పైగా ఉంది. డెన్మార్క్ చిన్న దేశం. ప్రభుత్వ వైద్యం. రికార్డులు పక్కాగా ఉంటాయి. అక్కడే ఇంత తేడా ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎక్కువ పరీక్షలు చేసే చోట మంచి స్కానింగ్ యంత్రం, అలవాటుపడిన నర్సు, ఆ పక్కనే లాబొరేటరీ కూడా ఉంటాయి. కాబట్టి అనుభవం ఒక డాక్టరు చేతిలో మాత్రమే లేదు, ఆ విభాగం మొత్తంలో ఉంది. “పెద్ద పేరున్న డాక్టరు” అనే మాట సరిపోదు. ఆ డాక్టరు ఏడాదికి ఒకసారి వచ్చి చేసిపోయే నర్సింగ్ హోములో ఆ పేరుకి అంత విలువ లేదు.

ఇటీవలి అధ్యయనాలన్నిటినీ కలిపి 2019లో చూసినప్పుడు, పరీక్ష వల్ల అదనంగా పోయే గర్భాలు ఉమ్మనీటి పరీక్షలో వెయ్యికి 3, మాయ పరీక్షలో వెయ్యికి 2 అని తేలింది. ఇది నిజంగా మంచి వార్త. భయపడి, అవసరమైన పరీక్ష మానుకోవద్దని చెప్పడానికి ఇది మనకి పనికొస్తుంది. అయితే తమ లెక్కలు రాసి ప్రచురించే కేంద్రాలు ఎక్కువగా పెద్ద కేంద్రాలే. ఆ అంకెని తీసుకొచ్చి, ఏడాదికి నాలుగు పరీక్షలు చేసే చోట గోడకి అంటిస్తే అది అబద్ధమవుతుంది.

“నా చేతిలో ఒక్కటీ పోలేదు” అనే మాట కూడా మీరు వినే ఉంటారు. ఎంతమందిలో అని అడగాలి. గణాంక శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఒక్క నష్టం కూడా జరగనప్పుడు, 3ని మొత్తం సంఖ్యతో భాగిస్తే అసలు ప్రమాదం ఎంతవరకు ఉండొచ్చో తెలుస్తుంది. 20 మందికి చేసి ఒక్కటీ పోలేదంటే, అసలు ప్రమాదం 15 శాతం దాకా ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం. 300 మందికి చేసి ఒక్కటీ పోకపోతేనే ఒక శాతం లోపని ధైర్యంగా అనగలం.

ఎప్పుడు చేయకూడదో తెలియడం

కొత్త పద్ధతి రాగానే ముందుగా, ఇంకా ముందుగా చేయాలనే తొందర ఒకటి ఉంటుంది. దాని ఫలితం స్త్రీలూ పిల్లలే అనుభవించారు. ఎనిమిది, తొమ్మిది వారాలకే మాయ ముక్క తీసినప్పుడు కొందరు పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడకుండా పుట్టారని 1991లో ఆక్స్‌ఫర్డ్ నుంచి డాక్టర్లు రాశారు. అప్పటినుంచే పది వారాల లోపు చేయకూడదన్న నియమం బలపడింది. ఉమ్మనీటి పరీక్షని పదకొండు, పన్నెండు వారాల్లో చేస్తే ఏమవుతుందో 1998లో కెనడా అధ్యయనం చూపించింది. వంకర పాదంతో పుట్టిన పిల్లలు ఆ గుంపులో 1.3 శాతం. మామూలు సమయంలో చేసినవాళ్ళలో 0.1 శాతం. గర్భాలు పోవడం కూడా ఎక్కువే. అందుకే పదిహేను వారాలు నిండాలి అంటారు. ఈ తేదీలు మన కార్యకర్తలందరికీ నోటికి రావాలి.

మన చట్టంలో ఏముంది?

ఉమ్మనీటి పరీక్ష మన దేశంలోకి 1970లలో వచ్చింది. దాన్ని ఆడపిల్లని వదిలించుకోవడానికి వాడుతున్నారని తెలిసి 1978లో ప్రభుత్వ ఆస్పత్రుల్లో లింగ నిర్ధారణకి వాడకూడదన్నారు. అది ప్రైవేటు క్లినిక్కులకి వరమైంది. బొంబాయిలో 1985లో స్త్రీల సంఘాలూ ఆరోగ్య కార్యకర్తలూ కలిసి వేదికగా ఏర్పడి చేసిన ఉద్యమం వల్ల 1988లో మహారాష్ట్ర చట్టం, 1994లో దేశమంతటికీ చట్టం వచ్చాయి. ఆ చట్టం 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2003లో సవరణ జరిగింది.

దొంగచాటుగా లింగ నిర్ధారణ చేసిన ఆ ఏళ్ళన్నిటిలో ఎంతమంది స్త్రీలకి ఉమ్మనీటి పరీక్ష వల్ల గర్భం పోయిందో, ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందో ఎవరూ లెక్కపెట్టలేదు. దొంగపనికి రిజిస్టరు ఉండదు కదా. చట్టవిరుద్ధమైన పరీక్షలో స్త్రీకి జరిగిన హాని కూడా మన వాదనలో భాగం కావాలి.

ఈ చట్టం కింద వచ్చిన నియమాల్లో మనం అంతగా పట్టించుకోని వాక్యం ఒకటుంది. ఇలాంటి పరీక్షలు చేసే గైనకాలజిస్టు, అనుభవం ఉన్న గైనకాలజిస్టు పర్యవేక్షణలో కనీసం 20 చేసి ఉండాలని అది చెబుతుంది. అనుభవం అన్న మాట చట్టంలోకి రావడం మంచిదే. కానీ 20 చాలా తక్కువ. పైగా మాయ పరీక్ష, ఉమ్మనీటి పరీక్ష, పిండం రక్తం తీయడం అన్నీ కలిపి 20. అది జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. ఆ తర్వాత ఏడాదికి ఎన్ని చేస్తున్నారో అడిగేవాళ్ళు లేరు. బ్రిటన్‌లో ప్రసూతి, స్త్రీ వైద్యుల రాయల్ కాలేజీ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నైపుణ్యం నిలవాలంటే ఏడాదికి కనీసం 30 చేస్తూ ఉండాలనీ, తమ ఫలితాలను తామే తనిఖీ చేసుకోవాలనీ ఉంది.

మన చట్టం ఐదో సెక్షన్ చాలా ముఖ్యమైంది. తెలిసిన దుష్ఫలితాలన్నీ ఆమెకి వివరించాలి. ఆమెకి అర్థమయ్యే భాషలో ఆమె రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఆ కాగితం నకలు ఆమెకి ఇవ్వాలి. అదే ఫారం జి. భర్త సంతకమో అత్తగారి సంతకమో కాదు, ఆమెదే. రోగికి చికిత్స స్వభావం, ప్రమాదాలు, వేరే మార్గాలు చెప్పి తీసుకున్నదే నిజమైన అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నా ప్రశ్న ఇదీ. ప్రమాదం చేసే చేతిని బట్టి మారుతున్నప్పుడు, పుస్తకంలోని అంకె చెప్పి ఆ చేతి అంకె చెప్పకపోతే దుష్ఫలితాలు వివరించినట్టేనా? కాదని నేనంటాను.

ఇంకొకటి. ఫారం ఎఫ్‌లో, సూదితో చేసిన పరీక్షలో ఏమైనా చిక్కులు వచ్చాయా అని రాయడానికి ఒక గడి ఉంది. ఆ ఫారాలన్నీ జిల్లా అధికారులకి చేరతాయి. మనం వాటిని లింగ నిర్ధారణ కేసులు పట్టుకోవడానికే చూస్తున్నాం. ఆ గడిని కూడా చూడాలి.

ఎవరి శరీరం మీద నేర్చుకుంటారు?

అనుభవం కావాలంటే ఎవరో ఒకరి మీద మొదటిసారి చేయాలి కదా అని ఒక డాక్టరమ్మ నన్నడిగారు. నిజమే. కానీ ఆ “ఎవరో ఒకరు” ఎప్పుడూ ఎవరవుతున్నారు? బోధనాస్పత్రి వార్డులో పడుకున్న పేదరాలు నేర్చుకునే చేతికి, డబ్బున్నామె నేర్చిన చేతికి వెళ్ళడం న్యాయం కాదు. నేర్చుకోవడానికి బొమ్మల మీద సాధన చేసే పద్ధతులున్నాయి. పక్కన అనుభవమున్నవారు నిలబడి, మొదటి ప్రయత్నం కుదరకపోతే సూది తామే తీసుకునే పద్ధతి ఉంది. నేర్చుకుంటున్నవారు చేస్తున్నారని ఆమెకి చెప్పి, వద్దంటే ఒప్పుకునే మర్యాద ఉంది. ఇవన్నీ ఉన్నచోట శిక్షణ గురించి మనకి పేచీ లేదు.

దీంట్లోనే ఒక చిక్కుంది. 2011 నుంచి తల్లి రక్తంతో పిండం డీఎన్‌ఏ చూసే పరీక్ష మార్కెట్లోకి వచ్చింది. డౌన్ సిండ్రోమ్ లాంటి వాటికి అనుమానం తీర్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. దాంతో సూది పరీక్షలు తగ్గాయి. అది స్త్రీలకి మేలే. కానీ పరీక్షలు తగ్గినకొద్దీ ఒక్కో డాక్టరు చేసేవీ తగ్గుతాయి, చెయ్యి మొద్దుబారుతుంది. ఆ రక్తపరీక్ష కూడా అనుమానమే చెబుతుంది, కచ్చితంగా తేల్చదు. తలసీమియా, సికిల్ సెల్ ఉన్న కుటుంబాలకి ఇప్పటికీ సూదే దిక్కు. మన దగ్గర మేనరికాలు ఎక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందువల్ల ఈ పరీక్షలు ఊరూరా పెట్టమని కాకుండా, కొన్ని కేంద్రాల్లో కేంద్రీకరించి అక్కడికి వెళ్ళే ఖర్చు, ఉండే వసతి ప్రభుత్వం భరించాలని మనం అడగాలి. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచో శ్రీకాకుళం కొండల నుంచో వచ్చే ఆమెకి “హైదరాబాద్ వెళ్ళు, విశాఖ వెళ్ళు” అని చీటీ రాసిస్తే సరిపోదు. బస్సు ఖర్చు, కూలి నష్టం, ఇంట్లో పెద్ద బిడ్డని చూసే మనిషి, ఇవన్నీ కలిపితేనే అది హక్కు అవుతుంది.

రెండు అభ్యంతరాలు

మన మధ్యే రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, పరీక్ష భద్రంగా చేయమని అడిగితే పరీక్షకే గౌరవం తెచ్చినట్టు కాదా, లింగ నిర్ధారణ చేసేవాళ్ళకి నైపుణ్యం పెంచినట్టు కాదా అని. లింగ నిర్ధారణ ఇప్పుడు ఎక్కువగా స్కానింగ్‌తో జరుగుతోంది, దానికి సూది అక్కర్లేదు. పైగా ఎన్ని చేశారు, ఎందుకు చేశారు, ఏమైంది అని లెక్క బయటపెట్టమనే మన కోరిక దొంగపనికి అడ్డమే గానీ అండ కాదు.

రెండో అభ్యంతరం వికలాంగుల ఉద్యమంలోని స్త్రీల నుంచి వచ్చింది. “మా లాంటివాళ్ళు పుట్టకూడదనే కదా ఈ పరీక్షలు” అని వాళ్ళడుగుతున్నారు. ఈ ప్రశ్నకి సులువైన జవాబు నా దగ్గర లేదు. పరీక్ష చేయించుకోకపోవడం కూడా స్త్రీ హక్కేననీ, ఫలితం తెలిశాక గర్భం ఉంచుకోవాలన్నా వద్దన్నా ఒత్తిడి ఉండకూడదనీ, బిడ్డ పుట్టాక ఆ బిడ్డకి రక్తం, మందులు, చదువు సమాజం ఇవ్వాలనీ మాత్రం అంటాను. నిర్ణయం ఏదైనా సరే, ఆమె అడగని నష్టం ఆమె నెత్తిన పడకూడదు.

మనం చేయాల్సింది

పరీక్షకి వెళ్ళే స్త్రీ వెంట మనం వెళ్ళినప్పుడు ఇవి అడుగుదాం. ఈ పరీక్ష ఎందుకు, చేయించుకోకపోతే ఏమవుతుంది? ఎవరు చేస్తారు? గత ఏడాది వాళ్ళు ఇలాంటివి ఎన్ని చేశారు, తర్వాత ఎన్ని గర్భాలు పోయాయి? ఎన్నిసార్లు గుచ్చుతారు, రాకపోతే ఏం చేస్తారు? ఫలితం ఎన్ని రోజులకి వస్తుంది? ఆమె బ్లడ్ గ్రూపు ఆర్‌హెచ్ నెగటివ్ అయితే పరీక్ష తర్వాత యాంటీ-డి ఇంజక్షన్ ఇస్తారా? ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు, అది తర్వాతి కాన్పుల్ని కాపాడుతుంది. పరీక్షయ్యాక జ్వరం, చలి, నీరు పోవడం, రక్తస్రావం, ఆగని నొప్పి, ఏది వచ్చినా రాత్రయినా ఎవరికి ఫోన్ చేయాలో నంబరు రాయించుకోవాలి.

సంఘంగా మనం అడగాల్సినవి మూడు. నియమాల్లోని 20 అన్న సంఖ్య సరిపోదు, ఏటా చేయాల్సిన కనీస సంఖ్య పెట్టాలి. ప్రతి కేంద్రం తన పరీక్షల సంఖ్యనీ, నష్టాల్నీ ఏటా ప్రకటించాలి, జిల్లా అధికారులు ఫారం ఎఫ్‌లోని ఆ గడిని కూడి బయటపెట్టాలి. ఫారం జి తెలుగులో, ఆమె చదవగలిగే తెలుగులో ఉండాలి, చదువు రానామెకి చదివి వినిపించాలి.

డాక్టర్లందరూ మనకి ఎదురు కాదు. తమ లెక్కలు దాచకుండా చెప్పే డాక్టర్లను నేను చూశాను. అడిగితే కోప్పడకుండా రిజిస్టరు తీసి చూపించినామె కూడా ఉంది. అలాంటివారిని మన సమావేశాలకి పిలుద్దాం.

నన్ను ప్రశ్న అడిగినామెకి నేనిచ్చిన జవాబు “అడగొచ్చమ్మా, అది నీ హక్కు” అని. ఆమె కాసేపు ఊరుకుని, “అయితే ఆ రోజు నాకెందుకు ఎవరూ చెప్పలేదు?” అంది. ఆ రోజు ఆమె పక్కన మనలో ఎవరూ లేరు. మళ్ళీ కలిసేసరికి మీ మీ జిల్లాల్లో ఈ పరీక్షలు ఎక్కడెక్కడ జరుగుతున్నాయో, ఫారం జి నకలు స్త్రీల చేతికి వస్తోందో లేదో తెలుసుకుని రండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.